రెండున్నర మనుషుల ఇల్లు

తలుపు తెరుచుకోగానే ఆరని గోనెపట్టా కంపు గుప్పున కొట్టింది. కొలతలాయన ముక్కు చిట్లించాడు. ఇళ్లలో కరెంటు ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టడం, గోడల సందుల్లోంచి గాలి ఎంత కారిపోతుందో పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడం ఇరవై రెండేళ్లుగా ఆయన పని. ఈ కంపు కొత్తదేమీ కాదు. కానీ ఈ భవనాన్ని రెండేళ్ల కిందట పాసు చేసింది తనే. ఒక్కో ఇంటికి ఏడాదికి పదిహేనువందల యూనిట్లు చాలని సంతకం పెట్టిందీ తనే. ఈ ఇంటి మీటరు మాత్రం రెండేళ్లూ ఏడాదికి మూడువేల ఎనిమిదివందలు తిరిగింది.

"చూశారా సార్ ఆ కిటికీ!" వెనకనుంచి భవనం మేనేజరు అందుకున్నాడు. "ఏసీ వేసుకుని కిటికీ బార్లా తెరుచుకుంటారు. ఇల్లు బంగారమండీ, ఉండేవాళ్లే సరిగ్గా లేరు."

ఇలాంటి మాటలు కొలతలాయన ఎన్నో భవనాల్లో విన్నాడు. తనూ అన్నాడు.

ఆ ఇంట్లో బట్టలు కుట్టే ఆవిడ, ఆమె అత్తగారు, బడికెళ్లే ఇద్దరు పిల్లలు ఉంటారు. తక్కువ అద్దెకు దొరికిన ఇల్లు. కానీ ఒక షరతు ఉంది. అంచనాకు రెట్టింపు పైన వరసగా రెండేళ్లు వాడితే ఖాళీ చెయ్యాలి. రేపు కమిటీ కూర్చుంటుంది. ఈరోజు కొలతలాయన రిపోర్టులో "వాడేవారి నిర్లక్ష్యం" అని ఒక్క ముక్క రాస్తే చాలు, వాళ్లు మూటాముల్లె సర్దుకోవాల్సిందే.

"పొద్దస్తమానం కుట్టుమిషను కూడా తిప్పుతుంది," అన్నాడు మేనేజరు.

"మీ వరండాలో వెలిగే బల్బు తినేంత కూడా తినదు నా మిషను," అంది కుట్టేవిడ, నోట్లోని గుండుసూదులు తీసి. "ఆ కిటికీ మా అత్తయ్య పని. నేను రెక్కలు గుడ్డపేలికతో కట్టేస్తాను. నా కత్తెరతోనే కోసేస్తుంది. రెండేళ్లుగా ఇదే మా కాపురం."

కిటికీ పక్క మంచం మీద కూర్చున్న పెద్దావిడ ఆయాసం ఆపుకుని, "మరి చచ్చిపొమ్మంటావా?" అంది. "నాయనా, ఇంతకీ మా ఇంటికి అంతే చాలని ఎట్లా లెక్కగట్టావు?"

"ఇంటికి రెండున్నర మంది అనుకుంటామండి. పొద్దున తొమ్మిదికి తాళం వేసుకుని వెళ్లి, సాయంత్రం ఆరింటికి వస్తారని..."

"ఆ అర మనిషిని నేనే అయ్యుంటాను," అంది పెద్దావిడ. "మిగతా ఇద్దరూ ఎక్కడున్నారో కాస్త చూపించు, నాలుగు చీవాట్లు పెడతాను."

కొలతలాయనకి నవ్వు రాబోయి ఆగింది. స్టూలు తెమ్మని, ఎక్కి, పైకప్పులోని గాలిజాలీ దగ్గర పల్చటి కాగితం ముక్క పట్టుకున్నాడు. పై గొట్టంలోని ఫ్యాను రాత్రింబవళ్లు చెమ్మగాలిని బయటికి లాగుతూ ఉండాలి. ఫ్యాను గుర్రుమంటూనే ఉంది. కాగితం మాత్రం కదల్లేదు. మరలు తిప్పి జాలీ ఊడదీశాడు.

గొట్టం నోటికి అడ్డంగా వెడల్పాటి టేపు అంటించి ఉంది. దాని మీద నల్లటి బూజు ఎలుక వెంట్రుకల్లా మొలిచింది. ఒక కొస పట్టి లాగితే జిగురు సాగి వేళ్లకు చుట్టుకుంది. బూజు లేని మూల నీలిసిరాతో ఒక తేదీ, దాని కింద "పరీక్ష కాగానే తీసెయ్యాలి" అని ఉంది.

అది తన చేతిరాత.

గోడల బిగుతు పరీక్షించేటప్పుడు ఈ గొట్టాలన్నిటికీ టేపు వేసి మూస్తారు. పరీక్ష కాగానే తీసెయ్యాలి. ఆరోజు భవనం కట్టినవాళ్ల కారు కింద హారన్ కొడుతోంది, మంచి హోటల్లో భోజనం సిద్ధంగా ఉందన్నారు. ఒక్క పూటలో పన్నెండు ఇళ్లు ముగించేశాడు. టేపు పట్టుకున్న తన చేతిని చూసుకుంటే ఒళ్లంతా చీదరపుట్టింది.

మేనేజరుకు విషయం క్షణంలో అర్థమైంది. దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు. "సార్, అది జేబులో వేసేసుకోండి. వాళ్లకి పొదుపు మీద సలహా ఇచ్చామని రాయండి. ఎలాగూ వచ్చేనెల నుంచి మీటరు తగ్గుతుంది. మీ పేరూ నిలుస్తుంది, మా పేరూ నిలుస్తుంది."

"మరి వీళ్లు?"

"రెండేళ్లు కాల్చింది కాల్చిందే కదండీ. ఆ సలహా కొత్తగా వచ్చేవాళ్లకి పనికొస్తుంది."

చెత్తబుట్టలో ఉండాల్సింది మనిషి వేషం వేసుకొచ్చి పక్కన నిలబడ్డట్టు అనిపించింది కొలతలాయనకి. అయితే ఈరోజు వరకూ తన రిపోర్టులన్నీ ఆ మాటకు దగ్గరి చుట్టాలే.

ఆ గుసగుసలన్నీ విన్న కుట్టేవిడ చేయి చాపింది. "ఇటివ్వండి."

టేపు తీసుకుని చదివింది. తర్వాత అత్తగారి వైపు తిరిగింది. "ఊపిరాడటం లేదంటే నాటకాలన్నాను కదత్తయ్యా. పిల్లల ముందర కూడా అన్నాను."

"అన్నావు," అంది పెద్దావిడ. అంతకుమించి ఊరడించలేదు.

కుట్టేవిడ కొలతలాయన కళ్లలోకి చూసింది. కోపమైతే ఆయన భరించేవాడు. కాలికింద పడ్డ పురుగును చూసినట్టు చూసింది. "ఏం రాస్తారో నా ముందే రాయండి."

ఆయన కుట్టుమిషను బల్ల మీదే, కింద కార్బన్ కాగితం వేసి ఫారం పెట్టాడు. కారణం అన్న గడిలో రాశాడు: "గాలి గొట్టం మూసి ఉంది. పరీక్షించినవాడు టేపు తియ్యలేదు. ఊపిరి కోసం వీళ్లు కిటికీ తెరిచారు. వీళ్ల తప్పు లేదు."

"పరీక్షించినవాడు అంటే ఎవరో కమిటీకి ఎట్లా తెలుస్తుంది?" అంది ఆవిడ. "పేరు రాయండి."

పేరు రాశాడు. లైసెన్సు నంబరు కూడా రాశాడు. సంతకం చేస్తుంటే వేళ్లకున్న జిగురు కాగితానికి అంటుకుంది.

"దీంతో మీ పని అయిపోయినట్టే," అన్నాడు మేనేజరు. "ఈ కాగితం నేను తీసుకోను."

"తీసుకోకు. ఒక నకలు వీళ్ల దగ్గరుంటుంది. ఇంకోటి రేపు కమిటీలో నేనే చదువుతాను."

మేనేజరు మెట్లు దిగిపోయాడు. కుట్టేవిడ నకలు తీసుకుని మడిచి రవికెలో దోపుకుంది. థాంక్స్ చెప్పలేదు, మంచినీళ్లూ ఇవ్వలేదు. చెప్పులేసుకుంటున్న ఆయన్ని గుమ్మందాకా వచ్చి, "ఆరోజు ఎన్ని ఇళ్లకి అంటించారు?" అని మాత్రం అడిగింది.

"పన్నెండు."

"అయితే స్టూలు పట్టుకెళ్లండి. సాయంత్రం తెచ్చివ్వండి."

ఆయన స్టూలు చంకన పెట్టుకుని పక్కింటి గంట నొక్కాడు. తలుపు ఓరగా తెరుచుకుంది. లోపల్నుంచి అదే కంపు.