తవిటినాయుడి తల మీద ఇరవై తొమ్మిది రోజులు

నేను ఒక హెల్మెట్‌ని. అలాగని స్కూటర్ మీద పెట్టుకు తిరిగేదాన్ని అనుకోకండి. నా లోపల రాగితీగ చుట్లు చుట్లుగా ఉంటుంది. అందులో కరెంటు ఉరికినప్పుడల్లా నా కింద ఉన్న తలలోకి అయస్కాంతపు తాకిడి ఒకటి దిగుతుంది. పుర్రెకి చిల్లు పెట్టరు, మత్తు ఇవ్వరు. మనిషి కుర్చీలో మెలకువగానే కూర్చుంటాడు. ఒకే అనుమానాన్ని పట్టుకుని వదలని మెదడుని తట్టి, ఇక చాలు, ముందుకు నడు అని చెప్పడం నా ఉద్యోగం. అందరి మెదడూ నా మాట వినదు. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను.

సముద్రం అవతల ఒక చిన్న కర్మాగారంలో కళ్లజోడు పెట్టుకున్న పెద్దామె నన్ను చుట్టింది. ఒక్క చుట్టు తేడాగా అనిపించినా మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టేది. ఆమెని ఎవరూ జబ్బుమనిషి అనలేదు, భేషని మెచ్చుకున్నారు. మనుషుల లెక్క నాకు అప్పటి నుంచే అంతుపట్టడం మానేసింది. తర్వాత హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రివాళ్లు నన్ను తెప్పించి, రిబ్బను కత్తిరించి, ఫొటోలు తీయించుకుని, పద్నాలుగు నెలలు గుడ్డ కప్పి ఉంచారు. చివరికి విజయనగరం డాక్టరమ్మ ఇందుమతి నన్ను అక్కణ్ణించి తెచ్చుకుంది. మూడు లాంతర్ల కూడలి దగ్గర మేడమీద రెండు గదుల ఆసుపత్రి ఆవిడది. నన్ను నడిపించే అమ్మాయి పేరు జెస్సీ.

అక్కడికే వచ్చాడు తవిటినాయుడు.

పంతొమ్మిదేళ్లు బస్సు నడిపాడు. ఒక్క ప్రమాదం లేదు. ఒకరోజు నెల్లిమర్ల దాటాక స్పీడుబ్రేకరు మీద బస్సు ఎగిరింది. అది బ్రేకరేనా, మనిషా అని అనుమానం వచ్చింది. బస్సు ఆపి, దిగి చూశాడు. ఎవరూ లేరు. మర్నాడు గతుకు దగ్గర మళ్లీ దిగాడు. నెల తిరిగేసరికి గంటన్నరలో చేరాల్సిన బస్సు మూడున్నర గంటలకి చేరుతోంది. డ్యూటీ దిగాక అదే దారిని సైకిలు మీద వెనక్కి వెళ్లి, రోడ్డు పొడుగునా రక్తపు మరకల కోసం వెతికేవాడు. పొద్దున్నే పేపర్లో ప్రమాదం వార్తలు చదివి, ఊళ్ల పేర్లు చూసి వణికేవాడు.

భర్త ఉద్యోగం నిలబెట్టాలని అతని భార్య ఎర్నమ్మ ఒక ఉపాయం పన్నింది. రోజూ ఆ బస్సే ఎక్కి, ఆఖరి సీట్లో కూర్చుని, వెనక అద్దంలోంచి రోడ్డు చూసేది. బస్సు కుదిపినప్పుడల్లా అక్కణ్ణించే కేకేసేది: "ఎవులూ నేరు మావా, పోనీ." మొదట గతుక్కి ఒకసారి చెబితే సరిపోయేది. తర్వాత ఐదుసార్లు చెప్పినా చాలలేదు. చివరికి డిపోలో అతన్ని స్టీరింగు ముందు నుంచి లేపి, టైర్లలో గాలి చూసే పనికి పెట్టారు. రెండేళ్లు మందులు మింగాడు. కొంచెం నెమ్మదించింది గానీ పోలేదు.

మొదటి రోజు జెస్సీ అతని తల మీద నన్ను అటూ ఇటూ జరుపుతూ ఒక్కొక్క తాకిడే వదిలింది. ఎంత బలానికి కాలు కదులుతుందో చూసి, దాన్నిబట్టి ఆ మనిషికి ఎంత ఇవ్వాలో నిర్ణయిస్తారు. ఆరో తాకిడికి అతని కుడిపాదం చటుక్కున ఎగిరింది.

"నాను కదపలేదమ్మా," అన్నాడు కంగారుగా.

"నేనే కదిపాను బాబాయ్."

అతను పాదం వైపు కాసేపు చూశాడు. "అయితే ఇప్పుడు నొక్కింది బ్రేకా, ఏక్సిలేటరా?"

గదిలో అందరూ నవ్వారు, అతను కూడా. అతను నవ్వి రెండేళ్లయిందని ఎర్నమ్మ చెప్పింది. నాలో తీగంతా జివ్వుమంది. ఈ తల నాది అనిపించింది.

నన్ను ఆన్ చేసే ముందు ప్రతిరోజూ ఒక తంతు ఉండేది. అణిగి ఉన్న అనుమానాన్ని లేపితేనే నా తాకిడి సరైన చోట పనిచేస్తుంది. అందుకు తవిటినాయుడు ముందే ఒప్పుకున్నాడు. డాక్టరమ్మ అతని ఎదురుగా కూర్చుని అనేది: "నాయుడు గారూ, మీరొచ్చిన ఆటో చక్రానికి ఏదో తగిలిందేమో. ఏమిటో మనకి తెలీదు. తెలుసుకోకుండానే ఉందాం." అంతే, అతని నుదురంతా చెమట పట్టేది. చూపు ఎర్నమ్మ మీదకి పోయేది. ఆమె జవాబు చెప్పకూడదని డాక్టరమ్మ షరతు. ఆ జవాబే జబ్బుకి మేత అని వివరంగా చెప్పింది. ఎర్నమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగేది. అప్పుడు నేను మొదలయ్యేదాన్ని. రెండు సెకన్లు టకటకా మోత, ఇరవై సెకన్లు విరామం, మళ్లీ మోత. పద్దెనిమిది నిమిషాలు.

పదో రోజున అతను కుర్చీలోంచి లేచిపోయాడు. "మరింక రాను తల్లీ. నెత్తిమీద వడ్రంగిపిట్ట కూకున్నట్టుంది గానీ, లోపలేటీ మారలేదు."

నాకు భయం వేసింది. అంతకుముందు శ్రీకాకుళం నుంచి ఒక లెక్చరరు గారు వచ్చి, ఒక్క రోజు మానకుండా కూర్చుని, ఎలా వచ్చారో అలాగే వెళ్లిపోయారు. చర్మం ఊడేలా కడిగిన ఆయన చేతులు నాకింకా గుర్తే. ఇతనూ అంతేనా అనుకున్నాను. మర్నాడు ఎర్నమ్మ అతని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. "పది దినాలు కూకున్నావు. మిగతాయి నాకోసం కూకో," అంది. కూర్చున్నాడు.

ఇరవై రెండో రోజు. డాక్టరమ్మ ఎప్పటిలాగే ఆటో సంగతి ఎత్తింది. అతను కళ్లు మూసుకున్నాడు. చెమట పట్టింది. జెస్సీ వేలు మీట మీద ఉంది. ఎర్నమ్మ చెంగు అందుకుంది. కానీ అతను ఆమె వైపు తిరగలేదు.

"తగిలే ఉంటాది," అన్నాడు మెల్లిగా. "తగిలితే తగిలింది. నాకు తెల్దు. మీరు మిషను ఏసీయండి, ఎర్నమ్మకి బజార్లో పనున్నాది."

ఎర్నమ్మ ముందు ఏడ్చింది, తర్వాత నవ్వింది. జెస్సీ మీట నొక్కడమే మరిచిపోయింది. ఎప్పుడు నొక్కుతుందా అని నేను ఉరకలు వేస్తున్నాను. ఆ పూట నేను చేసినంత మోత ఎప్పుడూ చేసి ఉండను.

ఇరవై తొమ్మిదో రోజుతో నా పని అయింది. అనుమానం పూర్తిగా మాయం కాలేదు. అప్పుడప్పుడూ వస్తూనే ఉంది గానీ, పక్కన కూర్చుని సాధించడం మానేసిందని అతనే డాక్టరమ్మతో చెప్పాడు. నాలుగు నెలలు చూసి, వైద్య పరీక్షలన్నీ చేయించి, అతనికి స్టీరింగు మళ్లీ ఇచ్చారు.

ఎందరి తలలనో తట్టి తట్టి నా తీగ అరిగింది. బాగు చేయించడానికి జెస్సీ నన్ను పెట్టెలో పెట్టుకుని విశాఖపట్నం బస్సెక్కింది. డ్రైవరు తవిటినాయుడు.

"ఆ పెట్లో ఏటమ్మా?"

"మీ వడ్రంగిపిట్టే బాబాయ్."

అతను పెట్టె మీద ఒకసారి అరచెయ్యి ఆనించి స్టీరింగు దగ్గరికి వెళ్లాడు. ఎర్నమ్మ బస్సులో లేదు. ఆఖరి సీట్లో కాలేజీ పిల్లలు పాటలు పాడుకుంటున్నారు.

ఆనందపురం ఇంకా రాలేదు. గాలి గట్టిగా వీస్తోంది. ఉన్నట్టుండి వెనక చక్రం కింద పెద్ద చప్పుడైంది. బస్సు పక్కకి తీసి ఆపాడు. ఎవరైనా ఆపాల్సిన చప్పుడే అది. దిగాడు. చెప్పుల చప్పుడు వెనక్కి వెళ్లింది. జెస్సీ గుండె కొట్టుకోవడం పెట్టెలోకి వినిపిస్తోంది, నా మోత కన్నా వడివడిగా. చెప్పుల చప్పుడు తిరిగొచ్చింది. అతను ఎక్కి కూర్చున్నాడు.

బస్సు కదల్లేదు. ఇంజను ఊరికే తిరుగుతోంది. ఒకటి, రెండు, మూడు... అతను అద్దంలోంచి తనవైపే చూస్తున్నాడని గ్రహించి, తన ముఖంలో జవాబు దొరక్కుండా జెస్సీ గభాలున కిటికీ వైపు తిరిగిపోయింది.

కండక్టరు దగ్గరికి వచ్చాడు. పాత సంగతులన్నీ తెలిసినవాడు. "ఏటి నాయుడూ, ఏటయింది?"

"తాటిమట్ట."

"మరోపాలి సూసొస్తావేటి? పర్లేదు, ఆగుతాం."

"సూసేను కదా," అన్నాడు తవిటినాయుడు.

కండక్టరు రైట్ రైట్ అనేలోపే బస్సు రెండో గేరులో ఉంది.