లోవినా సిస్టర్ అమ్మనన్న కుర్చీ

నేను ఒక కుర్చీని. మేపుల్ చెక్కతో, నేత పట్టీల సీటుతో అమెరికాలో షేకర్లనే క్రైస్తవ భక్తుల ఊళ్ళో పుట్టాను. ప్రార్థనలో ఒళ్ళు మరిచి ఊగిపోతారని లోకం వాళ్ళకా పేరు పెట్టింది. నన్ను చేసిన బ్రదర్ అమజాయా నా కాళ్ళను నాలుగుసార్లు నునుపు చేశాడు. "చాల్లేవయ్యా, ఎవరు చూడొచ్చారు?" అని పక్కాయన అంటే, "పైవాడు చూడడూ?" అన్నాడు.

అబ్బో, అప్పట్లో మూడు వందల మంది! పెళ్ళి లేదు, సొంత ఆస్తి లేదు. ఆడవాళ్ళకో గుమ్మం, మగవాళ్ళకో గుమ్మం. భోజనాలు కాగానే మమ్మల్ని చిలక్కొయ్యలకు తలకిందులుగా తగిలించి నేల ఊడ్చేవారు. పిల్లల్ని కననివాళ్ళకు మనుషులెక్కడినుంచి వస్తారంటారా? బయటినుంచే రావాలి. అనాథల్ని తెచ్చి పెంచారు. పెరిగి పెద్దయ్యాక వాళ్ళు కాస్తా పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండేది గాని, కుర్చీ మాట ఎవరు వింటారు?

చివరికి ఎనభై నాలుగేళ్ళ సిస్టర్ లోవినా ఒక్కతే మిగిలింది. ఒక్కరైనా వచ్చి చేరితే ఈ ఇల్లు నిలబడుతుందని ఆమె ఆశ.

ఒక ఉదయం ఎవరో పెద్దమనిషి వచ్చాడు. "మీవాళ్ళంటే నాకు ప్రాణమండీ" అన్నాడు. అంతే, లోవినా పొంగిపోయింది. తనే నన్ను దించి వేసి, ఆపిల్ పళ్ళతో చేసిన పిండివంట పెట్టి, మధ్యాహ్నం దాకా నియమాలన్నీ వివరించింది.

"నాకు పెళ్ళయిందండీ, ఇద్దరు పిల్లలు" అన్నాడాయన నసుగుతూ.

"దానికేం బ్రదర్, వాళ్ళనీ తీసుకురా. ఆవిడ మా వైపు ఉంటుంది, నువ్వు ఆ వైపు."

ఆయన గతుక్కుమని లేచాడు. నన్ను తిరగేసి అడుగు చూశాడు. "అబ్బే, నేనొచ్చింది ఈ కుర్చీ కోసమండీ. ఎంతకిస్తారు?"

లోవినా ముఖం చిన్నబోయింది. నాకు ఏడుపొచ్చింది. మా పనితనమే మా కొంప ముంచింది. లోకానికి కుర్చీలు కావాలిట, చేసినవాళ్ళ బతుకు మాత్రం అక్కర్లేదుట!

"అమ్మను" అందామె.

"మీ తర్వాత ఎవరున్నారండీ?"

"నేనింకా ఉన్నాగా. కూర్చుంటానంటే ఎప్పుడైనా రా, వేస్తాను. ఎత్తుకుపోతానంటే కుదరదు."

ఆయన వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. లోవినా మాత్రం ఆదివారం ప్రార్థన మానలేదు. అరవై ఏళ్ళుగా నిలబడ్డ చోటే నిలబడి పాట ఎత్తుకుంది. ఆ పాటలో ఒక చరణం ఆడవాళ్ళది, ఒక చరణం మగవాళ్ళది. తన చరణం అవగానే ఆగింది. ఎదుటి వరస ఖాళీ. వాళ్ళు పాడేంతసేపూ వేళ్ళతో తాళం వేస్తూ నిలబడి, తన వంతు రాగానే గొంతెత్తి మళ్ళీ అందుకుంది.