బోర్లించిన గ్లాసు

అది పేరుకే ఐరిష్ పబ్బు. ఆకుపచ్చ తలుపులు, నల్లటి చెక్క బల్లలు, నురగ కట్టిన నల్ల బీరు అన్నీ ఉన్నాయి గానీ, అక్కడ కూర్చునేవాళ్లలో ఆ దేశం మొహం చూసినవాడు ఒక్కడూ లేడు. అయినా ఆదివారం మధ్యాహ్నం కిటికీ పక్క బల్ల దగ్గర పాటలు మాత్రం పద్ధతిగా సాగేవి. ఒక ఖాళీ గ్లాసును బల్ల మీద బోర్లిస్తారు. అది ఎవరి ముందుకొస్తే వాళ్లు పాడాలి. పాడుతున్నంతసేపూ కౌంటర్లో బీరు పోయరు, ఎవరూ అడగరు. పాట అయ్యాక గ్లాసును పక్కవాళ్ల ముందుకు జరుపుతారు.

బస్సు నడిపే డ్రైవరమ్మది ఆ బల్లకంతటికీ పెద్ద గొంతు. ఆమె బస్సుకు హారన్ దండగని డిపోలో ఏడిపించేవాళ్లు. గొంతులో గడ్డ తీశాక అది కాస్తా బొంగురుపోయింది. ఇక బాగుపడదని డాక్టరు చెప్పేశాడు.

అప్పటి నుంచి గ్లాసు ఆమె దాకా వచ్చి, ఆమె ముందు ఆగకుండా, అటుపక్కనున్న మొగుడి ముందుకు వెళ్లిపోతోంది. ఆమెకు ఇటుపక్కన కూర్చునేది ఫిడేలు వాయించే ప్లంబరు. పాపం, ఆమెను నొప్పించకూడదనే చెయ్యి చాపి మరీ దాటించేవాడు. జాలికి మర్యాద ఎక్కువ, అందుకే దాన్ని తిట్టడం కష్టం. ఆమె అక్కడ నవ్వి ఊరుకునేది, ఇంటికెళ్లి గిన్నెల మీద కసి తీర్చుకునేది.

ఆ ఆదివారం కొత్త మేనేజరు బల్ల దగ్గరకొచ్చాడు. మొగుడి చెవిలో చెబుతున్నాననుకుంటూ అందరికీ వినబడేలా చెప్పాడు.

"సార్, మేడమ్ పాడరు కదా? పోయిన వారం ఆవిడ మీతో గొంతు కలిపితే ఎవరో కస్టమర్లు మొహం చిట్లించారు. మనుషులు ఇక్కడికొచ్చేది సరదాకి కదండీ."

"పాడదులెండి," అన్నాడు మొగుడు, ఆమె వైపు చూడకుండా.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. మేనేజరు అన్నందుకు కాదు, వాడు నిన్నగాక మొన్న వచ్చినవాడు. ఆపరేషనయ్యాక చెంచాతో నీళ్లు తాగించిన మొగుడే తన గొంతుకు తాళం వేసేశాడు.

ప్లంబరు పాట అయింది. గ్లాసు ఎత్తి, ఎప్పటిలాగే చెయ్యి చాపాడు. డ్రైవరమ్మ ఆ చేతిని మధ్యలోనే పట్టుకుంది.

"ఏం తమ్ముడూ, స్టాపులో ఆపకుండా పోతున్నావేంటి?"

"అది కాదక్కా... నీ గొంతు..."

"నా గొంతు సంగతి నాకు తెలుసు. కింద పెట్టు."

"ఎందుకే, నలుగురిలో..." అంటూ మొగుడు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"నలుగురిలో పాడేదాన్నే బావా. తలుపేసుకుని ఎప్పుడు పాడాను?"

గ్లాసు ఆమె ముందుకొచ్చింది. ఆమె లేచి నిలబడింది. మొదటి చరణం తుప్పు పట్టిన గేటు తీసినట్టు గరగరా వచ్చింది. పైకి వెళ్లాల్సిన చోట గొంతు లేవనే లేదు, గాలి మాత్రమే వచ్చింది. మేనేజరు గబగబా కౌంటరు దగ్గరకెళ్లి టీవీ సౌండు పెంచాడు. సిగ్గేసింది, భయమేసింది, అయినా ఆమె ఆపలేదు. రాగం అందని చోట మాటలను మాటల్లాగే, ఒక్కొక్కటీ బల్ల చరిచి చెప్పింది. బీరు పోసే అమ్మాయి సగం నిండిన గ్లాసును పక్కన పెట్టింది, కుళాయి కట్టేసింది, వెనక్కి తిరిగి టీవీ ప్లగ్గు పీకేసింది.

చివరి చరణంలో ప్లంబరు ఫిడేలు అందుకోబోయాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపి, ఆమె ఒక్కతే ముగించింది.

చప్పట్లు కొన్నే పడ్డాయి. బాగా పాడావని ఎవరూ అబద్ధం ఆడలేదు, అది ఆమెకు నచ్చింది. మొగుడు కళ్లు తుడుచుకుని, గ్లాసు కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. దాన్ని పట్టుకుని తిన్నగా కౌంటరు దగ్గరకు నడిచి, మేనేజరు ముందు బోర్లించింది.

"అయ్యో మేడమ్, నాకు పాట రాదు!" అన్నాడతను గోడ వైపు జరుగుతూ.

"నాకూ రాలేదుగా," అంది డ్రైవరమ్మ, స్టూలు లాక్కుని కూర్చుంటూ. "ఊఁ, కానివ్వు."