విజయరాణి ఈఎస్ఐ కార్డు

శనివారం పొద్దున్నే విజయరాణి వంటింటి గట్టు మీద మందుల సంచి విప్పింది. నిన్న ఈఎస్ఐ డిస్పెన్సరీ నుంచి తెచ్చిన మాత్రలన్నీ తీసి, బంజారాహిల్స్‌లోని ఓ పెద్దాసుపత్రి పేరున్న కవర్లో సర్దాలి. ఆ కవరు హాల్లో టీవీ పక్కన, వచ్చేపోయేవాళ్ల కళ్లబడేలా పెట్టాలి. నాలుగేళ్లుగా ఇదీ ఆమె పనే. మొగుడి షుగరు లైన్లో నిలబడి తెచ్చిన మందుకు తగ్గితే ఫర్వాలేదు గానీ, ఆ సంగతి ఊరికి తెలియకూడదు. కవరు చిరిగితే కొత్తది సంపాదించుకు రావలసిందీ ఆమే.

మొయినాబాద్‌లో ఆమె మొగుడు భూపాల్‌ని ఎరగనివాళ్లు లేరు. ఎనిమిదెకరాలు వెంచరుకు అమ్మి, కారుకీ, ఫ్లెక్సీలకీ, దావత్‌లకీ తగలేసిన మహానుభావుడు. ఆమె చందనవెల్లి కంపెనీలో ఎనిమిది గంటలు నిలబడి అట్టపెట్టెలకు టేపు వేస్తేనే ఇల్లు గడుస్తుంది. ఆయన షుగరూ, అత్త నిర్మలమ్మ బీపీ అదుపులో ఉన్నది ఆ ఉద్యోగం ఇచ్చిన కార్డు వల్లే. అయినా ఎవరొచ్చినా నిర్మలమ్మ, "మా కోడలికి ఇంట్ల పొద్దు పోతలేదు, అందుకే పోతున్నది" అంటుంది. నాలుగున్నరకే లేచి వండి పెట్టి పోయే మనిషికి పొద్దు పోవడం లేదట! ఒకసారి కంపెనీ మారినప్పుడు ఐదు నెలలు కార్డు ఆగిపోయింది. ఇన్సులిన్ కొనాల్సి వచ్చేసరికి ఆయన సూదే మానేశాడు. చివరికి కాలి చిటికెన వేలు తీసేశారు. ట్రాక్టరు కింద నలిగిందని ఊరంతా చెప్పుకున్నాడు.

నిన్న డిస్పెన్సరీలో డాక్టరమ్మ ఆయన రిపోర్టు చూసి మెచ్చుకుంది. తర్వాత విజయరాణి కాలి మీది పుండు చూసి, "ఇదెన్నాళ్లయింది? మీ షుగరెంత?" అని అడిగింది. "నాకెందుకుంటది మేడం" అంది విజయరాణి. అక్కడే పరీక్ష చేస్తే మూడు వందల పన్నెండు ఉంది. ఇంకొన్నాళ్లు ఇలాగే వదిలేస్తే కాలికే ముప్పు అంది డాక్టరమ్మ. తన కార్డు మీద ఇన్నేళ్లూ ఇంట్లో అందరికీ మందు తెచ్చింది, తనకు ఒక్క పరీక్షా చేయించుకోలేదు. తిరుగు బస్సులో చేవెళ్ల దాకా ఏడ్చింది. చేవెళ్ల దాటాక ఒళ్లు మండింది.

"విజయా, జర ఇటు రా" అని, ఆమె ఇంకా మాత్రలు సర్దుతుండగానే, భూపాల్ హాల్లోంచి కేకేశాడు. చుట్టూ నలుగురు అనుచరులు. టీపాయ్ మీద టైపు చేసిన కాగితం, పెన్ను సిద్ధంగా ఉన్నాయి.

"ఏంది?"

"నీ రాజీనామా. సంతకం పెట్టు. మున్సిపాలిటీల కౌన్సిలర్‌గ నిలబడుతున్న. నా భార్య డబ్బాలకు టేపేస్తదంటే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"అవును వదినా, అన్న ఉండంగ నీకేం ఫికర్?" అన్నాడు నవీన్. వాడు భూపాల్ వెంట తిరిగేవాళ్లలో అందరికంటే గట్టిగా తలూపే రకం.

"మరి అన్న సూదికి ఎవరి కార్డు పెట్టాలె తమ్మీ?"

"ఏం కార్డు వదినా?"

"నా ఈఎస్ఐ కార్డు. నాలుగేండ్ల సంది దాని మీదనే బతుకుతున్నడు. నడుమ ఐదు నెల్లు అది లేకనే వేలు పోయింది. ట్రాక్టర్ లేదు, గీక్టర్ లేదు."

భూపాల్ మొహం మాడిపోయింది. లోపల్నుంచి నిర్మలమ్మ, "నోరు మూస్కో" అని అరిచింది. విజయరాణికి నాలుగేళ్లలో మొదటిసారి నవ్వొచ్చింది. కాగితాన్ని పెన్నుతో సహా ఆయన ముందుకే తోసింది.

"నేను నౌకరి ఇడువ. నాక్గూడ షుగరే, మూడొందల పన్నెండు. ఇగ లైన్‌ల నిలబడితే నా మందుకే నిలబడుత. నీ సూది నువ్వే తెచ్చుకో. జర పొద్దుగాల్నే రా, ఆడ కౌన్సిలర్లకు వేరే లైన్ లేదు."