ఇరవై ఆరో బకెట్

నేను ఒక ఎర్ర ప్లాస్టిక్ బకెట్‌ని. విరిగిన కుర్చీలూ తెగిన చెప్పులూ కరిగించి నన్ను పోతపోశారు. అంచేత పుట్టుకతోనే నాకు కాస్త లోకజ్ఞానం ఉంది. నర్సీపట్నం బజారులో ఒక తల్లి నా అడుగున వేలితో కొట్టి చూసి, ఆ చప్పుడు నచ్చి కొన్నది. కూతురి పేరు ‘హైమావతి’ అని గోళ్ళరంగుతో నా పొట్ట మీద రాసింది. అలా నేను ఘాట్ రోడ్డు మీద ఉన్న ఆడపిల్లల చిన్న రెసిడెన్షియల్ కాలేజీలో చేరాను. నాతోపాటు హైమ కూడా చేరింది.

ఆ హాస్టల్లో వేడినీళ్ళకి ఒకటే కట్టెల బాయిలర్, ఒకటే పంపు. మొదటి ఉదయం హైమ నన్ను పట్టుకుని వెళ్ళేసరికి పంపు ముందు పాతిక ఖాళీ బకెట్లు బారుగా నిలబడి ఉన్నాయి. మనిషన్నవారు ఒక్కరూ లేరు. అబ్బ, ఎంత అదృష్టమో అనుకుంది. వాటి పక్కనుంచి తిన్నగా నన్ను పంపు కిందకి తీసుకెళ్ళి నింపేసింది. కూనిరాగం తీస్తూ స్నానం చేసింది కూడా.

టిఫిన్ల దగ్గర ఏ బెంచీ మీదా ఆమెకి చోటు దొరకలేదు. ఫైనలియర్ ఝాన్సీ ఉప్మా కలుపుతూ తలెత్తకుండా అడిగింది.

“ఏటే, పాతికమందిని తోసుకుని ఎల్లిపోయావంట?”

“అక్కడ మనుషులెవరూ లేరక్కా.”

“బకెట్లున్నాయి కదే. అవేటనుకున్నావు మరి?”

“బకెట్లే అనుకున్నానక్కా.”

ఆ జవాబుకి మెస్సంతా నవ్వింది. నవ్వి, ఆమెతో మాటలు మానేసింది. అక్కడ బకెట్ అంటే మనిషే. దాన్ని దాటితే ఆ పిల్లని దాటినట్టే. తన బకెట్‌తో పాటు మరొకరి బకెట్ కూడా తెచ్చి వరుసలో పెడితే, వాళ్ళిద్దరూ ప్రాణస్నేహితులని లెక్క. నన్ను మోసేవాళ్ళు హైమ తప్ప ఎవరూ లేరు.

హైమ ఇంటికి ఫోన్ చేసి ఏడ్చింది. “ఆదివారం దాకా చూడమ్మా, అప్పటికీ కుదరకపోతే వచ్చి తీసుకొచ్చేస్తాను” అన్నాడు తండ్రి. ఆ నాలుగు రోజులూ ఆమె వరుస చివర నన్ను పెట్టి, నా పక్కనే తానూ నిలబడింది. మళ్ళీ ఏ తప్పు చేస్తానో అని భయం. పాతిక బకెట్లు ఇరవై ఆరో బకెట్‌కి అందేంత వేడిని మిగల్చవు. రోజూ వణుకుతూ స్నానం చేసేది. మాట్లాడేవాళ్ళు లేక బకెట్లనే చూస్తూ ఉండేది. చెవి విరిగిన పచ్చది ఝాన్సీది, పిడికి రిబ్బన్ కట్టినది సునందది, అలా.

శనివారం ఉదయం ఎవరో పెద్దాఫీసర్లు వస్తున్నారని వార్డెన్ సరోజినీ మేడంకి కబురొచ్చింది. హైమని గదికి తరిమి, మమ్మల్నందరినీ స్టోర్ రూమ్ వెనక గుట్టగా పడేసింది. జీపు వచ్చి వెళ్ళింది. పిల్లలు వచ్చి చూసేసరికి వరుస లేదు. మొదటి స్థానం నాదంటే నాదని పదకొండుమంది తేలారు. ఇంగ్లీషు లిటరేచర్ చదివే పిల్లలు కూడా జుట్లు పట్టుకునే దాకా వచ్చారు.

“మొదటిది రిబ్బన్ బకెట్టు, సునందది” అన్నది వెనకనుంచి ఒక సన్నని గొంతు. “తరవాత ఝాన్సీ అక్కది. ఆ తరవాత నీలం రంగుది.”

హైమ ఆగకుండా పాతిక చెప్పింది. ఒక్కొక్కటీ తెచ్చి దాని చోట పెట్టింది.

“మొదటి చోటు నాదన్నాను కదే” అన్నది ఝాన్సీ.

“కాదక్కా. నీది రెండు.”

ఝాన్సీ వరుస చివరిదాకా చూసింది. “మరి నీదెక్కడ?”

హైమ నన్ను తీసుకెళ్ళి ఆఖరున పెట్టింది. ఆ రోజూ చన్నీళ్ళే.

ఆదివారం తండ్రి ఖాళీ సంచీతో వచ్చేసరికి హైమ పంపు దగ్గర ఉంది. “సామాన్లు సర్దలేదేమ్మా?” అన్నాడు.

“కాస్త కూర్చో నాన్నా. రెండో వంతు నాది. ఝాన్సీ అక్క తన బకెట్‌తో పాటు నాదీ తెచ్చి పెట్టింది.”

ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కూతురు నవ్వుతోందని మాత్రం అర్థమైంది. సంచీ మడిచి చంకలో పెట్టుకున్నాడు.

మూడేళ్ళు చదివాం. నా పిడి రెండుసార్లు మారింది. హైమకి మొన్న మాఘమాసంలో పెళ్ళయింది. కొత్త కాపురంలో గీజరు ఉంది, మనుషులు ఇద్దరే. అయినా అలవాటు పోక, ఆమె రోజూ లేవగానే నన్ను స్నానాలగది తలుపు దగ్గర పెడుతుంది. ఎందుకని అడిగాడు ఆమె భర్త అవినాశ్. ఈ కథంతా చెప్పింది.

ఈరోజు హైమ ఆలస్యంగా లేచింది. కంగారుగా వచ్చి చూసింది. తలుపు దగ్గర నేను అప్పటికే నిలబడి ఉన్నాను. నా వెనక ఒక కొత్త నీలం బకెట్ ఉంది.