కలపని మందు

కిరీటి కంచం తోసేశాడు. పప్పన్నం సగం కార్పెట్ పాలైంది.

"ముందు నువ్వు తిను అక్కా."

అమృత ఒక ముద్ద తిని చూపించింది. ఆమె గొంతు కదిలాక గానీ తమ్ముడు నోరు తెరవలేదు. కెనడాలోని ఈ కాల్గరీ ఊరు మొత్తంలో వాడు నమ్ముతున్నది ఇప్పుడు ఆ ఒక్క చేతినే.

కాలేజీకని వచ్చి, ఫీజుల కోసం చక్రధర్ కిరాణా షాపులో దొంగచాటుగా పనిచేశాడు. తనిఖీవాళ్లు వచ్చిన రోజు చక్రధర్ వాణ్ణి చేపల ఫ్రీజర్ గదిలోకి నెట్టి, చప్పుడు చెయ్యొద్దని చెప్పి బయట గడియ పెట్టాడు. వచ్చినవాళ్లకు టీలిచ్చి నవ్వుతూ సాగనంపాడు. లోపల మనిషి ఉన్న సంగతి గంటసేపు మరిచాడు. ఆ తర్వాత నుంచే కిరీటికి గోడల్లోంచి గొంతులు వినిపిస్తున్నాయి.

ఆ చక్రధర్ ఇంటి బేస్‌మెంట్‌లోనే అక్కాతమ్ముళ్ల అద్దె. ఇవాళ పైన సత్యనారాయణ వ్రతం.

పట్టుపంచెతో ఆయనే మెట్లు దిగాడు. చేతిలో చిన్న పొట్లం.

"నిద్రమాత్రలు నూరి తెచ్చానమ్మా. పెరుగన్నంలో కలిపెయ్. గెస్టులు వెళ్లేదాకా పడుకుంటాడు."

"డాక్టర్ మందు రాసిచ్చింది సార్."

"వేసుకుంటున్నాడా మరి?"

అమృత నిండుగా ఉన్న మాత్రల డబ్బా వైపు చూసింది.

"చూశావా! పిచ్చోడికి చెప్పి ఇస్తారా ఎవరైనా? మీ ఆంటీ కూడా ఇదే అంది."

నుదుట గంధం, ఒంటిమీద అత్తరు. గడియ పెట్టిన ఆ వేళ్లకే ఇప్పుడు పసుపు. అమృత పొట్లం వైపు చూసింది. కలిపితే ఈ పూట గడుస్తుంది, తనకూ కాస్త కునుకు పడుతుంది. కానీ వాడు పసిగడితే? రేపటి నుంచి తన చేతి ముద్ద కూడా వాడికి విషమే. ఆసుపత్రికి రమ్మన్నా రాడు.

"నేను కలపను."

"ఏంటీ?"

"కలపను సార్. మీరు ఒకసారి మోసం చేసిండ్రు, సాలదా? నాతో గూడ చేపిస్తరా?"

"అయితే రేపే ఖాళీ చెయ్యండి. ఈ చలిలో ఆ పిచ్చోడితో నీకు ఇల్లెవడిస్తాడో నేనూ చూస్తా!"

కిందపడ్డ పప్పు తగలకుండా పంచె ఎత్తిపట్టుకుని, ఆయన పైకెళ్లిపోయాడు.

అమృత డాక్టరిచ్చిన మాత్రను అరచేతిలో పెట్టుకుని తమ్ముడి ముందు కూర్చుంది.

"ఇది మందు తమ్మీ. అన్నంల ఏం కలపలే. ఏస్కుంటవా?"

పైన గంట మోగింది. కిరీటి చెవులు మూసుకున్నాడు. మాత్రను చూడలేదు, అక్క ముఖంలోకే చూస్తున్నాడు. అమృత చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.