రంగు మీద అంటించిన గేజీ

రెబెకమ్మను చంపింది గోపిక. శీనయ్యకు అందులో అనుమానమే లేదు. కోతపండగనాడు చర్చి గ్యాలరీ కూలి అతని భార్య చచ్చిపోయింది. ఆ గ్యాలరీ ఇనుప దూలం బరువు మోస్తుందని పరీక్షచేసి రాసిచ్చింది ఈ ఇంజినీరు పిల్లే.

విచారణకు ముందురోజు ఆమె ఆత్మకూరు బస్సు దిగి ఇంటికొచ్చింది. శీనయ్య మంచం మీద నుంచి లేవలేదు.

"నేను చర్చికే రాలేదంట. ఇంట్లో కూర్చొని అంకెలు రాసినానని కేసు పెడతా ఉండారు పెద్దాయనా. ఆ రోజు నిచ్చెన పట్టుకునింది మీరే గదా. ఆ ఒక్క మాట చెప్పండి చాలు."

పట్టుకున్నది అతనే. స్ట్రెయిన్ గేజీ అంటే గోరంత రేకు, లోపల సన్నని తీగ. దూలానికి అతికిస్తే, పైన బరువు పడి దూలం సాగినంత తీగా సాగుతుంది, మిషన్‌లో అంకె మారుతుంది. అయితే రంగు గీకేసి వట్టి ఇనుము మీదే అతికించాలి. ఆ రోజు గోపిక రంగు గీకే ఎమరీ కాగితం తీయగానే రెబెకమ్మ అడ్డం పడింది.

"గీకబాక తల్లీ. పండగకని మా స్త్రీల సమాజమోళ్లం ఏయించిన రంగు. పైనే అంటించు."

గోపిక రెండుసార్లు కాదంది. రెబెకమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. పిల్ల మెత్తబడి రంగు మీదే అతికించింది. బరువు పరీక్షకు గ్యాలరీలో ఇసుక మూటలు పేర్చారు. దూలం సాగుడంతా మందపాటి రంగే మింగేసింది. అంకె తక్కువ చూపింది, దూలం గట్టిదే అనుకున్నారు.

"రంగు మీద అంటించడం నా తప్పే. కాదనను," అంది గోపిక మంచం దగ్గర నిలబడి. "రాలేదనడం మాత్రం అబద్ధం గదా."

"వచ్చినావంటే, ఎందుకు గీకలేదని అడుగుతారు. నా పెండ్లాం పేరు చెప్తావు."

"చెప్పను. ప్రమాణం చేస్తాను."

"చెయ్యి. బస్సు పోతాది, దోవలో చేసుకో."

మర్నాడు విచారణలో అధికారి అడిగాడు. "ఈ అమ్మాయి నిచ్చెన ఎక్కడం చూసినావా?"

"చూడలా. చర్చి గడపే తొక్కలా ఈమె."

గోపిక అతని వైపు చూసింది. అతను చూపు తిప్పుకోలేదు. ఆమె చేత సంతకం పెట్టించుకొని, పోలీసులు బయటికి తీసుకుపోయేదాకా చూస్తూనే కూర్చున్నాడు.

తిరుగు బస్సులో పాస్టరు రాజమోహన్ పక్కన కూర్చొని మెల్లగా అన్నాడు. "శీనయ్యా, ఆ పొద్దు నిచ్చెన నువ్వే పట్టుకున్నావని రెబెకమ్మ నాతో చెప్పింది."

"చెప్పిన మనిషి లేదు గదయ్యా," అన్నాడు శీనయ్య. "ఇంక ఆ ఊసు నా ముందర ఎత్తబాక. నేను చచ్చేదాకా ఎత్తను."